తలకిందులైన తొమ్మిది

ఫిజిక్సుకీ నాకూ ఉన్న చుట్టరికం ఫ్యూజు వైరు దగ్గరే ఆగిపోయింది. బి.ఏ. ఎలాగో గట్టెక్కి, నవలలు రాసుకుంటున్నదాన్ని. అలాంటి నన్ను పట్టుకుని మా అన్నయ్య కూతురు "అత్తా, నాతో బెంగుళూరు వస్తావా?" అంటే చీరలకేమోననుకుని ఠక్కున ఒప్పేసుకున్నాను. చీరలకైతే ధర్మవరం పక్కనే ఉందిగదా అన్న అనుమానమైనా రాలేదు. తీరా చూస్తే లైబ్రరీకట!

అన్నయ్యది కనగానపల్లి. వేరుశెనగ పంట మీద, వాన మీద బతికే ఇల్లు. ఆ ఇంటి పిల్ల స్ఫటికాల మీద పిహెచ్.డి. చేస్తోంది. స్ఫటికంలో పరమాణువులు కుదురుగా కూర్చోవట, ఊగుతూనే ఉంటాయట. అవి ఎన్ని రకాలుగా ఊగగలవు, అందులో ఏ ఊపుల జాడ రామన్ ఎఫెక్టులో కనబడుతుంది అన్నది దాని లెక్క. ఆ లెక్క తేల్చే పద్ధతిని వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి సూరి భగవంతం గారు, టి. వెంకటరాయుడు గారు 1939లోనే ఒక వ్యాసంలో చెప్పారు. భగవంతం గారు కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టినవారు. ఇన్ని కథలు రాశాను, ఈ సంగతి నాకు నలభై దాటాక మేనకోడలు చెబితే తెలిసింది. సిగ్గేసింది కూడా.

"అందరూ ఆ వ్యాసం పేరు తమ వ్యాసాల చివర ఏసుకుంటారత్తా. చూసినోళ్ళు ఎంతమందో! కండ్లతో చూడకుండా రాయొద్దన్నాడు మా సారు. యాడా దొరకలేదు."

మొదట వెళ్ళిన ఒక గ్రంథాలయంలో బీరువా తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడట. రెండోసారి తాళంచెవి దొరికింది గానీ బీరువాలో ఆ సంపుటం లేదు. కంప్యూటర్లో పేర్లు కొడితే, ఆ వ్యాసాన్ని పేర్కొన్నవాళ్ళ వ్యాసాలే కుప్పలుగా వచ్చిపడ్డాయట. కొత్త వ్యాసాలకైతే ఇంత కష్టం లేదు. అచ్చుకు ముందే వ్యాసాలు పెట్టుకునే ఆర్కైవ్ 1991 నుంచీ ఉంది. 2025 జనవరి నుంచి కేంద్రప్రభుత్వం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పేరుతో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు 13,000 దాకా జర్నళ్ళు తెరిచిపెట్టింది. చిక్కల్లా పాతవాటితోనే.

అన్నయ్య ముఖం చిట్లించాడు. "ఎనభై ఏండ్లు దాటిన కాగితానికి బెంగుళూరు దాకా పోవాల్నా? సరే, పోయి రాండి. ఈ ఏడాదితో చదువు అయిపోవాల. ఆ పైన సంబంధం చూసేదే." పిల్ల మాట్లాడలేదు. సంచీలో టిఫిన్ డబ్బా సర్దుకుంది.

ధర్మవరంలో రైలెక్కాం. పెనుకొండ, హిందూపురం దాటుతుంటే తన నోటుబుక్కు చూపించింది. వ్యాసానికి శీర్షికైనా లేదు. జర్నల్ పేరు, సంపుటం 6, పేజీ 224, సంవత్సరం 1939. అంతే! ఫిజిక్సువాళ్ళు చాలామంది ఇలాగే రాస్తారట, పేరు లేకుండా ఇంటి నెంబరిచ్చినట్టు. ఆ నెంబరు తప్పితే ఇహ ఊరంతా తిరగాల్సిందే.

బెంగుళూరు లైబ్రరీలో కౌంటరు దగ్గర కూర్చున్నావిడ నా ఈడుదే. నోటుబుక్కు చూసి మొదట అడిగిన ప్రశ్న, "ఇది ఎక్కణ్ణించి ఎత్తి రాశావమ్మా?" అని. పిల్ల బిక్కమొహం వేసింది. ఎవరో తమ వ్యాసంలో వేసుకున్నదాన్ని చూసి రాసుకుందట.

"ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ని రామన్ గారు 1934లో పెట్టారు. ఆ ఏడే ఈ ప్రొసీడింగ్స్ మొదలయింది. తరవాత్తరవాత ఏడాదికి రెండేసి సంపుటాలు. ఆరోది 1937లోనే అయిపోయింది. మరి 1939కి ఆరెలా వస్తుంది?" అని చేతివేళ్ళ మీద లెక్కపెట్టి, నోటుబుక్కుని అటూ ఇటూ తిప్పి, "తొమ్మిది తలకిందులైంది తల్లీ" అంది.

నాకు రంగనాథన్ గారు గుర్తొచ్చారు. లెక్కల పంతులుగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయినాయన. పాఠకుడి కాలం వృథా కాకూడదన్నది ఆయన 1931లో చెప్పిన సూత్రాల్లో ఒకటి. చివరి ఏళ్ళు ఈ బెంగుళూరులోనే గడిపారు. ఆ గాలి ఈవిడకి సోకినట్టుంది.

తొమ్మిదో సంపుటం వచ్చింది. అట్ట బరువు, కాగితం గోధుమరంగు. 224వ పేజీ. పిల్ల చేతులు చీరకొంగుకి (అది నా కొంగే లెండి) తుడుచుకుని మరీ ముట్టుకుంది. అప్పుడు చెప్పింది ఆవిడ నవ్వుతూ: "అకాడమీవాళ్ళు పాత సంచికలు వెబ్‌సైటులో ఉచితంగా పెట్టారమ్మా. సంపుటం నెంబరు సరిగ్గా ఉంటే మీ ఊళ్ళోనే చూసుకోవచ్చు." రైలు టిక్కెట్ల సంగతి అన్నయ్యకి ఎలా చెప్పాలా అని నా బాధ నాది.

తిరుగు రైల్లో సెల్లులో దించుకుని చదువుతూ కూర్చుంది. హిందూపురం దగ్గర ఉన్నట్టుండి పెన్ను తీసింది. దాని మొహం మారింది.

"ఏమే?"

"పరమాణువుల గుంపంతా కలిసి ఊగేది, గుంపు తిరిగేది, గుంపులోపల వాటిలో అవి ఊగేది వేరేవేరేగా కట్టినారత్తా. నేను రెండిటిని ఒకదాంట్లో కలిపేసినా. నా రెండో చాప్టరు మళ్ళీ చెయ్యాల."

"చూడకపోతే బావుండేదేమో" అన్నాను, మేనత్త బుద్ధి పోనిచ్చుకోక. నా వైపు అదోలా చూసింది. మళ్ళీ ఏమీ అనలేదు నేను.

ధర్మవరంలో దిగేసరికి చీకటి పడింది. అన్నయ్య ప్లాట్‌ఫాం మీదే నిలబడున్నాడు.

"దొరికిందా?"

"దొరికింది నాయినా. ఇంకో ఆర్నెల్లు పడతాది."

వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. తువ్వాలు భుజం మార్చుకున్నాడు. పిల్ల చేతిలోంచి సంచీ తీసుకుని, "రాండి రాండి, కడా బస్సు పోతాది" అన్నాడు.