మైదానం అంచున మా అమ్మాయి

టెక్సస్‌లో శుక్రవారం రాత్రి అంటే హైస్కూల్ ఫుట్‌బాల్. మేముండే ఫ్రిస్కోలోనూ అంతే. బ్యాండు మోగుతుంది, అమ్మానాన్నలు, తాతయ్యలు అందరూ స్టేడియానికి వస్తారు. ఆ దీపాల వెలుతురులో మా అమ్మాయి కూడా ఉంటుంది, నడుముకు ప్రథమ చికిత్స సంచీ కట్టుకుని, రెండు చేతులా నీళ్ల సీసాలతో.

తొమ్మిదో తరగతిలో వాలీబాల్ జట్టుకు ప్రయత్నించింది. సెలవులంతా గరాజ్ తలుపుకేసి బంతి కొట్టి చేతులు ఎర్రబడేవి. జాబితాలో పేరు రాలేదు. బాగా ఏడ్చింది. "పోనీలే, చదువు చూసుకో" అని నేనూ అనలేదు, వాళ్ల నాన్నా అనలేదు. ఏడవాల్సిన విషయానికే కదా ఏడ్చింది! తేరుకున్నాక తనే వెళ్లి బడిలో ఆటగాళ్ల దెబ్బలు చూసుకునే అథ్లెటిక్ ట్రైనర్‌ను అడిగి, ఆయన దగ్గర పనిచేసే విద్యార్థుల్లో చేరింది.

ఆగస్టులో ఇక్కడ ఎండ 38 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో ప్యాడ్లు, హెల్మెట్ వేసుకుని పరిగెత్తే పిల్లల ఒంట్లో వేడి బయటికి పోయే దారుండదు. 2001 ఆగస్టులో మిన్నెసోటా వైకింగ్స్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు కోరీ స్ట్రింగర్ సాధనలో వడదెబ్బ తగిలి చనిపోయాడు. అప్పటికి అతనికి 27 ఏళ్లే. 2010లో కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో అతని పేరిట ఒక సంస్థ పెట్టారు. వడదెబ్బ తగిలినవాణ్ని ముందు ఐసు నీళ్ల తొట్టిలో ముంచి చల్లబరచాలి, ఆ తర్వాతే ఆస్పత్రికి తీసుకెళ్లాలని వాళ్లు చెబుతారు. మా అమ్మాయి వాళ్ల బడిలో సాధన మొదలయ్యేలోపు ఆ తొట్టి సిద్ధం చేసేది ట్రైనర్ దగ్గర పనిచేసే ఈ పిల్లలే. సీజనంతా దాని అవసరం ఎవరికీ రాకపోతే వీళ్ల పని బాగా జరిగినట్టు. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

చీలమండకు టేపు చుట్టడం నా కాళ్ల మీదే నేర్చుకుంది. వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నిటారుగా పెట్టమనేది. ముందు పలచటి నురుగు పట్టీ, దానిమీద తెల్ల టేపు. పిక్క కింద ఒక చుట్టు చుట్టి, మడమ కిందుగా లోపలి వైపు నుంచి బయటికి పట్టీలు లాగి, చివర మడమ కదలకుండా మెలిక వేసేది. ముడత పడితే బొబ్బ లేస్తుంది, మరీ బిగిస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. నాకు బాగానే ఉందన్నా ఒప్పుకునేది కాదు, విప్పేసి మళ్లీ మొదలుపెట్టేది.

తెనాలి నుంచి మా అమ్మ వీడియో కాల్‌లో ఇదంతా చూసి, "ఎవరి కాళ్లకో నువ్వు కట్లు కట్టడమేంటి బంగారం?" అంది.

"కాలు బెణికి పడిపోతే ఎవరో ఒకరు చూడాలి కదా అమ్మమ్మా," అంది ఇది, టేపు చింపుతూనే.

మా అమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత తన చిన్నప్పుడు బెణుకులకి చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు ఎలా వేసేవాళ్లో మొదలుపెట్టింది. మనవరాలు కాగితం తీసుకుని రాసుకుంది.

మనవాళ్లు కలిసినప్పుడు, "కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందా?" అని అడుగుతుంటారు. రావచ్చు. కానీ పదిహేనేళ్ల పిల్ల తనకు జట్టులో చోటు దక్కకపోయినా రోజూ మైదానం పక్కనే నిలబడి, ఆడేవాళ్ల నొప్పిని తన పనిగా చేసుకోవడం నాకు అంతకంటే పెద్ద విషయం. కిందటి సీజన్ చివరి ఆటలో మావాళ్లు ఓడిపోయారు. బడిలో అదే ఆఖరి ఏడాదైన కుర్రాడొకడు మోకాలు పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. అందరూ బస్సెక్కుతున్నా ఇది అక్కడే ఉండి, మోకాలికి ఐసు సంచీ కట్టి, అతను లేచేదాకా పక్కన కూర్చుంది. ఏమన్నావే అని అడిగితే, "ఏమీ అనలేదమ్మా, అప్పుడు ఏమన్నా వినబుద్ధి కాదు," అంది.

ఈ డిసెంబర్‌లో తెనాలి వెళ్తున్నాం. నేను చదువుకున్న బడిలో ఇప్పటికీ పిల్లలు ఎండలో కబడ్డీ, ఖోఖో ఆడతారు. దెబ్బ తగిలితే చూసేది పీఈటీ మాస్టారొక్కరే. వాళ్లకి టేపు చుట్టడం నేర్పిస్తానని ఇది పెట్టెలో చోటు అడుగుతోంది. మా అమ్మ అప్పుడే మాస్టారికి కబురు పెట్టేసింది.