ఎలుగు ఉండే తావు

ఎలుగ్గొడ్డు ఎక్కడుంటుంది అని అడిగితే మా అబ్బ దగ్గర ఒకటే జవాబు: "దానికి తిండి యాడుంటే ఆడ."

అడిగింది నేను కాదు. పెన్సిల్వేనియాలో ఉండే మా మేనత్త కొడుకు. అక్కడికి పోయి పదిహేనేళ్ళయింది. సిటిజన్‌షిప్ వచ్చాక ఆఫీసు స్నేహితులు తుపాకి కొనిపించారు. రెండేళ్ళు జింకల వేటకు పోయాడు. పోయిన సెప్టెంబరులో ఫోన్ చేసి, ఈసారి నవంబరు సీజన్లో నల్ల ఎలుగుకు లైసెన్స్ తీసుకున్నానన్నాడు. "తుపాకి కాల్చేది ఎవరైనా నేర్చుకుంటార్రా. ఏరియా పట్టేదే కష్టం. అబ్బను అడుగు" అన్నాడు.

ఆ రాష్ట్రంలో వేటకోసం ప్రభుత్వం ఉంచిన భూమే సుమారు 15 లక్షల ఎకరాలట. ఎలుగుకు ఎర పెట్టడం అక్కడ నేరం. డోనట్లూ తేనే పోసి, చెట్టుమీద కూర్చుని ఎదురు చూడటం కుదరదు. అది తనంతట తాను నడిచే దారేదో కనిపెట్టి అక్కడ కూర్చోవాలి. బావ ఫోన్లో ఒక యాప్ ఉంది. ఎవరి భూమి ఎక్కడిదాకా, ఎత్తుపల్లాలు, ఏ వాలులో ఏ చెట్లు, అన్నీ పొరలు పొరలుగా చూపిస్తుంది. స్క్రీన్ షేర్ చేసి చూపించాడు. మా ఆఫీసులో డాష్‌బోర్డుకన్నా అందంగా ఉంది. అన్నీ ఉన్నాయి గానీ ఎలుగు లేదు.

దసరాకు బనగానపల్లె పోయినప్పుడు అబ్బతో చెప్పాను. అబ్బకు 86. చూపు తగ్గింది గానీ మాట తగ్గలేదు. మనవడు అమెరికాలో ఎలుగును కొట్టడానికి పోతున్నాడంటే తిడతాడనుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "తుపాకి సంగతి యానకమ్మటి మాట. ఆ అడివిలో ఈ నెల్లో ఏం కాయ రాలుతాదో కనుక్కోమను" అన్నాడు.

బావ కనుక్కున్నాడు. ఓక్ కాయలు, బీచ్ గింజలు. నిద్రకు పోయేముందు అక్కడి ఎలుగులు రోజుకు ఇరవై గంటలదాకా తింటూనే ఉంటాయి. ఓక్ బాగా కాసిన ఏడు గుట్టలు దిగవు, కాయని ఏడు మొక్కజొన్న చేలలో పడతాయి. పగలు మౌంటెన్ లారెల్ అనే దట్టమైన పొదల్లో దూరుతాయి. ఇదంతా నేను ఒక్కో ముక్కా తెలుగులో చెప్తుంటే అబ్బ తల ఊపుతూ విన్నాడు, తెలిసిన ఊరి కబుర్లు విన్నట్టు.

మన ఎలుగు వేరు. అది చలికాలం నిద్రపోదు. ఏడాది పొడుగునా తిరగాల్సిందే. దానికి పై దవడలో ముందుపళ్ళు రెండు ఉండవు. ఆ సందులోంచి చెదలను గాలితో సహా పీలుస్తుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దాని పొడుగాటి గోళ్ళు చూసి, ఇది దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే స్లాత్ జాతి జంతువనుకుని పేరు పెట్టాడు. తర్వాత తప్పు తెలిసింది గానీ పేరులో ఆ స్లాత్ అట్లాగే మిగిలిపోయింది. కోడ్‌లో ఎవడో పాతోడు పెట్టిన వేరియబుల్ పేరు మార్చడానికి ఎవరికీ ధైర్యం చాలనట్టు.

అబ్బ చెప్పిన లెక్క నెలలవారీగా ఉంది. పుష్యంలో రేగిపండ్లు. ఎండలు ముదిరేటప్పటికి తునికి, ఆ తర్వాత ఈత, నేరేడు. తొలకరి పడి పుట్ట మెత్తబడితే చెదలు. వానలు వెనకపట్టాక సీతాఫలం. ఏదీ లేనప్పుడు మళ్ళీ చెదలే, గట్టి పుట్టనైనా తవ్వుకోవాల్సిందే. "పుట్ట తవ్వినకాడ మన్ను తడిగుండాదా, ఎండిపొయ్యిండాదా చూడల్ల. తడిగుంటే రాత్రిది. పెంటికెను కట్టెతో ఇరగ్గొట్టి చూడల్ల. గింజలుంటే యా చెట్టుకిందనించి వచ్చిందో తెలుస్తాది. ఉత్త మన్నే ఉంటే దానికి కరువొచ్చిందని." పగలు పండుకునేది గవుల్లో. ఎర్రమల కొండలు చూసినవాళ్ళకు తెలుస్తుంది, పైన గట్టి రాతి అంచు గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది, కింద సున్నపురాయి. ఆ పై రాతి పగుళ్ళలో, పడిన బండల సందుల్లో దాని ఇల్లు. (కింది సున్నపురాయి సంగతి బెలుం గుహలకు పోయినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మా ఇళ్ళల్లో నేలంతా ఆ నాపరాయే.)

అబ్బ చెప్తుంటే నేను ఫోన్లో పిన్‌లు పెట్టుకుంటూ పోయాను. కొండల పేర్లు మ్యాపులో లేవు. వంకల పేర్లు అసలే లేవు. "యాగంటి దావలో ఎడం పక్క రెండు గుండ్లు ఒకదానిమీద ఒకటి ఉంటాయి చూడు, ఆడనించి పొద్దు పుట్టే దిక్కు" అంటాడు. నేను వేలితో జరుపుతాను. మూడు సాయంత్రాలు పట్టింది. పద్నాలుగు పిన్‌లు. శాటిలైట్ వ్యూ నొక్కితే అయిదుచోట్ల తెల్లటి నలుచదరపు గుంతలు కనిపించాయి. క్వారీలు. ఒకదాని పక్కనుంచి కొత్త రోడ్డు. ఆ సంగతి అబ్బతో చెప్పలేదు. ఆయన నడిచే అడవి ఇంకా ఆయన నెత్తిలో చెక్కుచెదరకుండా ఉంది.

ఇక్కడ వేట గురించి నేను చదివింది కొంత చెప్పాలి. తెలుగులో వేట మొదటినుంచీ ఉంది. ధూర్జటి తిన్నడిది మన సీమే, పొత్తపినాటి ఉడుమూరు. వేటకు పోయినవాడు చివరికి శివుడి దగ్గర తేలతాడు. అల్లం శేషగిరిరావు వేట కథలు నాకు చాలా ఇష్టం. తుపాకి పట్టుకున్న బాబుకంటే పక్కన దారి చూపించే మనిషిమీదే ఆయన కన్ను ఉంటుంది. ఇంగ్లీషులో కెన్నెత్ ఆండర్సన్. బెంగళూరులో విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం, సెలవు దొరికితే అడవి. బెంగళూరులో సెలవు దొరికితే ఊరికి బస్సెక్కే నాకు ఆయన మొదట ఆ కారణంగానే నచ్చాడు. 'మ్యాన్‌ఈటర్స్ అండ్ జంగిల్ కిల్లర్స్'లో మైసూరు నల్ల ఎలుగు కథ ఉంటుంది. అరసికెరె దగ్గరి కొండల్లో మనుషుల మొహాలు చీల్చిన ఎలుగు అది. దర్గా చూసుకునే అలం బక్ష్ కొడుకును చంపితే ఆండర్సన్ దాని వెంట పడతాడు. కథ బాగుంటుంది. కానీ ఎన్నిసార్లు చదివినా నాకు ఒక చిక్కు. ఆండర్సన్ లాంతరూ రైఫిలూ ఎక్కడ పెట్టాడో తెలుస్తుంది. ఎలుగు తిన్నది ఏమిటో, అక్కడే ఎందుకు తిరుగుతోందో తెలుసుకోవాలని ఆరాటపడతాం, ఆయన అప్పటికే తుపాకి ఎత్తేసి ఉంటాడు.

ఆ కథ నేను ఊరికే చదవలేను. మా ఇంట్లో అట్లాంటి మొహం ఒకటి ఉండేది. అబ్బ తమ్ముడు, మా చిన్నబ్బ. ఎడమ కన్ను లేదు. చెంప లోపలికి పోయి, పెదవి ఒకపక్క పైకి లేచి ఉండేది. ఎప్పుడూ తువ్వాలు ఎడమ పక్కకు వేసుకునేవాడు. పెండ్లి కాలేదు. నేను ఇంటర్ చదివేటప్పుడు పోయాడు. ఎలుగు పట్టుకుందని, తర్వాత ఊరోళ్ళు దాన్ని కాల్చేశారని, అంతవరకే మాకు తెలుసు.

మూడో సాయంత్రం పద్నాలుగో పిన్ దగ్గర అబ్బ మిగతాది చెప్పాడు.

కరువు ఏడు. ఉగాది ఇంకా రాలేదు. అబ్బకు 26. చిన్నబ్బ తెల్లారుజామున మేకలకోసం వంకలో దిగాడు. వంక మలుపులో ఎలుగు పుట్ట తవ్వుతోంది. గాలి దానివైపునుంచి వీస్తోంది, కాబట్టి మనిషి వాసన తగల్లేదు. చెదలు పీల్చే చప్పుడులో అడుగుల చప్పుడు వినపడలేదు. చూపు దానికి మామూలుగానే తక్కువ. పది అడుగుల్లోకి వచ్చాక తల ఎత్తింది. వీపుమీద రెండు పిల్లలు. ఎలుగుల్లో పిల్లల్ని వీపుమీద మోసుకుతిరిగేది ఇదే. పులులు తిరిగే అడవుల్లో పిల్లల్ని కాపాడుకోవాల్సిన జంతువు కాబట్టి, దగ్గరగా ఏది కనిపించినా పారిపోయేకంటే ముందు మీదపడుతుందని ఈ జంతువును చూసినవాళ్ళు రాశారు. ఇది నేను తర్వాత చదువుకున్నది. ఆ రోజు వంకలో ఎవరికీ తెలీదు.

తమ్ముణ్ణి ఎద్దులబండిమీద ఆస్పత్రికి పంపి, అబ్బ నాటుతుపాకులున్న నలుగుర్ని తీసుకుని బయల్దేరాడు. దాని గవి ఆయనకు తెలుసు. ఆయనకొక్కడికే తెలుసు. అంతకుముందు రెండు మూడుసార్లు బయటినుంచి వచ్చిన పెద్దమనుషులు ఎలుగు చూపించమంటే, లేదని చెప్పి పంపించాడట. ఆ రోజు తనే ముందు నడిచాడు. మధ్యాహ్నానికి గవి ముందర పొగ పెట్టారు. ఎలుగు బయటికి వచ్చింది. ముగ్గురు కాల్చారు.

"పిల్లలు?" అన్నాను.

"అమ్మ మీదనించి దిగల్యా. పీకి తీసినాం."

ఒకటి రెండోరోజే చచ్చిపోయింది. ఇంకోదాన్ని ఎలుగునాడించే సాయిబులు వచ్చి ఇరవై రూపాయలకు తీసుకుపోయారు. ఆ డబ్బు చిన్నబ్బ మందులకే ఖర్చుపెట్టారు. ముక్కుకు తాడు గుచ్చిన ఆ ఎలుగు మళ్ళీ రెండేళ్ళకు బనగానపల్లె సంతలో ఆడటానికి వచ్చిందనీ, అదేనని తనకు తెలుసనీ అబ్బ అన్నాడు. ఎట్లా తెలుసు అని అడగలేదు. చిన్నబ్బ కూడా ఆ గుంపులో నిలబడి చూశాడట. దేశంలో చిట్టచివరి ఆట ఎలుగును 2009 డిసెంబరులో బన్నేరుఘట్టలో వదిలిపెట్టించారు. నేనప్పుడు అక్కడికి గంట దూరంలో ఉద్యోగం చేస్తున్నాను. పేపర్లో ఆ ఫొటో చూసి పక్కపేజీకి పోయాను.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. ఇప్పుడు మన ఎలుగు మొదటి షెడ్యూల్లో ఉంది. చంపితే కనీసం 3 ఏళ్ళ జైలు. అయినా అడవిపందులకు కట్టిన కరెంటు తీగలకు తగులుకుని, ఉచ్చుల్లో పడి చస్తూనే ఉన్నాయి. మొహాలు పోగొట్టుకునే మనుషులూ ఉన్నారు. శ్రీకాకుళం జీడితోటల్లో, అనంతపురం వేరుశెనగ చేలలో. నగరంలో కూర్చుని ఎలుగుమీద ప్రేమ ఒలకబోయడం సులభం. చిన్నబ్బ పక్కన కూర్చుని అన్నం తిన్నవాణ్ణి కాబట్టి నాకు అంత ధారాళంగా రాదు.

ఎలుగును చూడాలంతే అనుకునేవాళ్ళకు హంపి దగ్గర దరోజి ఉంది. 1994లో ఎలుగులకోసమే కట్టిన అభయారణ్యం. మధ్యాహ్నం సిబ్బంది రాళ్ళమీద బెల్లంపాకం లాంటిది పూసి వస్తారు. సాయంత్రం ఎదుటి గుట్టమీద టవర్‌లో కూర్చుంటే, గవుల్లోంచి దిగొచ్చి నాకుతుంటాయి. నేను పోయాను. ఒక తల్లి, పిల్లను వీపుమీద వేసుకుని, బండ అంచున ఆగి గాలి వాసన చూసింది. చుట్టూ ఉన్న కెమెరాలన్నీ ఒకేసారి మోగాయి. అది పట్టించుకోలేదు. ఎర పెడితే తప్పని పెన్సిల్వేనియా అడవి, ఎర పెట్టి చూపించే దరోజి గుట్ట. నాకు రెండూ అర్థమవుతాయి.

ఆ పద్నాలుగు పిన్‌లు అడిగినవాళ్ళున్నారు. వీకెండ్ ట్రెక్కులు నడిపే కాలేజీ స్నేహితుడొకడు, "అరుంధతి బంగళా, యాగంటి, ఆ తర్వాత బేర్ స్పాట్. ప్యాకేజీ అదిరిపోతుంది మామా" అన్నాడు. నవాబుగారి పాత బంగళాను సినిమా పేరుతో పిలవడం ఊళ్ళో మామూలే, దాంతో నాకు పేచీ లేదు. పిన్‌లు మాత్రం ఇవ్వలేదు. వాటిల్లో ఇప్పుడు ఎలుగులు ఉన్నాయో లేదో నేను పోయి చూడలేదు, చూడను కూడా. ఒక టెక్స్ట్ ఫైల్లో అబ్బ మాటలు మాట్లాడినట్టే టైపు చేసుకుని, మ్యాపులోంచి తీసేశాను. "రెండు గుండ్లు ఒకదానిమీద ఒకటి" అని ఉంటుంది. అక్షాంశాలు ఉండవు.

బావకు మాత్రం అబ్బ చెప్పినవన్నీ చేర్చాను. ఆ అడవికీ మనకూ పోలిక ఎంతో నాకు అనుమానమే, కానీ అతను చెప్పినట్టే చేశాడు. అక్టోబరంతా శనివారాలు తుపాకి లేకుండా తిరిగాడు. ఓక్ కాయ ఏ వాలులో ఎక్కువ రాలిందో, పెంటికెలో ఏముందో ఫొటోలు తీసి పంపేవాడు. ఫోన్ అబ్బ కళ్ళకు దగ్గరగా పెట్టి చూపించమని మా అమ్మకు చెప్పేవాణ్ణి. "ఇది పాతది." "ఇది రెండు దినాలది." "ఈడ కూచోమను." అమ్మ అవే మాటలు వాయిస్ మెసేజ్‌లుగా పంపేది.

సీజన్ మూడో రోజు బావకు ఎలుగు దొరికింది. మగది. అక్కడి నియమం ప్రకారం దాన్ని చెక్ స్టేషన్‌కు తీసుకుపోయి తూకం వేయించాడు, చీటీలు రాయించాడు. ఫొటో పంపలేదు. అబ్బతో మాట్లాడాలన్నాడు. నేను ఆ వారం ఊళ్ళోనే ఉన్నాను, స్పీకర్‌లో పెట్టాను. బావ గొంతులో సంతోషం ఉంది, ఇంకేదో కూడా ఉంది. ఎంత దూరంనుంచి కొట్టాడో, ఎంత బరువుందో, లోయలోంచి నలుగురు ఎట్లా లాక్కొచ్చారో చెప్పుకుంటూ పోయాడు. అబ్బ అన్నీ విన్నాడు.

"కడుపు కోసినప్పుడు లోపల ఏముండాది?" అన్నాడు.

అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు. చూడలేదు అబ్బా, చీకటి పడుతోంది, పేగులు అడవిలోనే తీసి పారేసి వచ్చేశాం అన్నాడు బావ.

"మాదాని కడుపులో ఉత్త మన్ను" అన్నాడు అబ్బ. "గుప్పెడు చెదలు, మన్ను. రేగ్గింజ ఒకటి."

ఫోన్ నా చేతికిచ్చి, బావ అన్నం తిన్నాడేమో కనుక్కోమన్నాడు.