రాని బస్సుకు జరిమానా లేదు

ఢిల్లీ గాలి ప్రస్తావన వచ్చినప్పుడల్లా సీఎన్‌జీ బస్సులను విజయగాథగా చెప్పుకోవడం దేశ రాజధానిలో ఆనవాయితీ. ఆ గాథకు మూలమైన సుప్రీంకోర్టు ఉత్తర్వును చివరిదాకా చదివినవారు మాత్రం అరుదు. ఎం.సి. మెహతా 1985లో వేసిన ప్రజాహిత వ్యాజ్యంలో, భూరేలాల్ కమిటీ సిఫార్సుల ఆధారంగా, 1998 జూలై 28న వెలువడిన ఉత్తర్వు అది. నగర బస్సులన్నీ 2001 మార్చి 31 నాటికి సీఎన్‌జీకి మారాలని అందులో ఉంది. మరుసటి రోజుకల్లా బస్సుల సంఖ్య పది వేలకు చేరాలని కూడా ఉంది. ఈ రెండో ఆదేశం ఎవరికీ గుర్తులేదు.

మొదటిదైనా సాఫీగా అమలు కాలేదు. ఉత్తర్వు నాటికి తొమ్మిది ఉన్న గ్యాస్ స్టేషన్లను ఎనభైకి పెంచాలన్నారు. గ్యాస్ చాలదన్న వాదన ఒకవైపు, గడువు పొడిగించాలన్న షీలా దీక్షిత్ ప్రభుత్వ వేడుకోలు మరొకవైపు సాగుతుండగానే గడువు ముంచుకొచ్చింది. 2001 ఏప్రిల్ తొలి వారంలో బస్సులు చాలక జనం రోడ్లపై పడ్డారు. ఆగ్రహంతో కొన్ని బస్సులను తగలబెట్టారు. గ్యాస్ స్టేషన్ల ముందు ఆటోలు, బస్సులు గంటల తరబడి బారులు తీరాయి. ప్రభుత్వం కాలుష్య పరిమితిని నిర్ణయిస్తే చాలు, ఇంధనాన్ని నిర్ణయించనక్కరలేదని మాషేల్కర్ కమిటీ అభిప్రాయపడింది. సిద్ధాంతరీత్యా అందులో బలముంది. కానీ డీజిల్‌లో కిరోసిన్ కలిపే దేశంలో కల్తీకి వీలులేని ఇంధనాన్ని ఎంచుకోవడంలోనూ వివేకం ఉంది. కోర్టు తన మాటకే కట్టుబడింది. 2002 ఏప్రిల్ 5న, రోడ్డెక్కే ప్రతి డీజిల్ బస్సుకూ రోజుకు 500 రూపాయలు, నెల దాటితే 1000 రూపాయల జరిమానా విధించింది. ఆ డిసెంబరు నాటికి నగర సర్వీసుల్లో డీజిల్ బస్సులు కనుమరుగయ్యాయి.

బస్టాపుల్లో ముఖాన కొట్టే నల్లపొగ పోయింది. అది చిన్న విషయమేమీ కాదు. అయితే జరిమానా రోడ్డెక్కిన బస్సుకే పడింది. అసలు రోడ్డెక్కని బస్సుకు జరిమానా కట్టినవారు లేరు. రెండు దశాబ్దాల తరువాత కూడా డీటీసీ, క్లస్టర్ బస్సులన్నీ కలిపినా పది వేలు కాలేదు. అదే కాలంలో నగరంలో రిజిస్టరైన వాహనాలు కోటి దాటాయి. మెట్రో వచ్చింది నిజమే. కానీ స్టేషను నుంచి మూడు కిలోమీటర్ల దూరంలోని బస్తీకి చేరవలసినవారికి బస్సే దిక్కు, అది రాకపోతే ద్విచక్ర వాహనం. ఇంధనం మార్పును ఒక్కసారి రిబ్బను కత్తిరించి చాటుకోవచ్చు. వేల బస్సులను కొని, డ్రైవర్లను నియమించి, ఏటా నష్టాన్ని భరించడానికి బడ్జెట్ కావాలి.

ఇంధనం మార్చకుండానే బస్సు వదిలే పొగను తగ్గించే మార్గం ఒకటుంది. అది తెలుగువారికి తెలియనిది కాదు. ఆర్టీసీ డిపోల్లో దాని పేరు కేఎంపీఎల్, అంటే లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క. ఏ డ్రైవరు ఎంత తెచ్చాడో డిపోలో నమోదవుతుంది. క్లచ్ మీద కాలు ఆనించి ఉంచకపోవడం, ముందున్న స్టాపును చూసి యాక్సిలరేటర్ వదిలేయడం, టైర్లలో సరైన గాలి, శుభ్రమైన ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్ల తనిఖీ: ఉపాయాలన్నీ ఇలాంటివే. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే బస్సు లీటరుకు ఐదు కిలోమీటర్లకు బదులు ఐదుంపావు ఇస్తే దాదాపు మూడు లీటర్లు మిగులుతాయి. వెయ్యి బస్సులకైతే రోజుకు 2,800 లీటర్లకు పైగా డీజిల్, ఏడు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్. ఈ లెక్క ఏ ఎన్నికల ప్రణాళికలోనూ కనిపించదు. ఇక్కడా ఒక అన్యాయముంది. కేఎంపీఎల్ తగ్గిందని డ్రైవరును నిలదీయడం తేలిక. ఆ బస్సు వయసెంత, ఆ డిపోలో ఎన్ని మెకానిక్ పోస్టులు ఖాళీగా ఉన్నాయని యాజమాన్యాన్ని నిలదీసేవారేరీ?

ఢిల్లీలోనూ చివరకు వచ్చిపడింది ఈ ప్రశ్నే. 2010 కామన్వెల్త్ క్రీడలకు ముందు డీటీసీ లోఫ్లోర్ సీఎన్‌జీ బస్సులు కొన్నది. పన్నెండేళ్లు లేదా ఏడున్నర లక్షల కిలోమీటర్లు వాటి ఆయుర్దాయం. ఆ తరువాత దాదాపు పదేళ్లపాటు కొత్త బస్సుల ఊసు లేదు. ప్రభుత్వాలు మారాయి, టెండర్లు పిలిచారు, రద్దు చేశారు; కొనుగోళ్ల మీద ఆరోపణలు, ప్రత్యారోపణలు నడిచాయి. కాలం తీరిన బస్సులకు ఆయుర్దాయాన్ని పదిహేనేళ్లకు పొడిగించారు. వేసవిలో ఫ్లైఓవర్ మీద వాటిలో ఒకటి మొరాయిస్తే వెనుక అర కిలోమీటరు మేర కార్లు ఇంజన్లు ఆపకుండా నిలబడతాయి. బస్సులోంచి దిగిన ప్రయాణికులు చెయ్యెత్తి ఆటోలు ఆపుకుంటారు.