ఎడారి ఎండలో మంచు భయం

జులై మధ్యాహ్నం దుబాయ్‌లో నీడలోనే 45 డిగ్రీలు. అల్ కుసైస్ పారిశ్రామికవాడలోని ఆ షెడ్డుకు రెండు తలుపులు. మొదటిది మూసుకున్నాకే రెండోది తెరుచుకుంటుంది. లోపల స్వెటర్లు వేసుకున్న కుర్రాళ్లు మందుల పెట్టెలు సర్దుతున్నారు. ఇన్సులిన్, టీకాలు, ల్యాబ్ నమూనాలు ఇక్కడ ప్యాకై ఆఫ్రికాకు, భారతదేశానికి విమానమెక్కుతాయి.

ప్యాకింగ్ బల్ల దగ్గర పెద్ద దిక్కు జగిత్యాల జిల్లా నుంచి వచ్చిన ఓ నడివయసు మనిషి. ఈ ఎండలో మందులు చెడకుండా పంపడం కష్టమే కదా అని అడిగితే ఆయన నవ్వారు. "ఎండకన్నా మంచుకే ఎక్కువ భయపడాలె సార్. వేడి తగిలితే కొంత టైముంటది. గడ్డ కట్టిందంటే ఇగ పారబోసుడే."

ఆయన మాటలో అతిశయోక్తి లేదు. హెపటైటిస్ బి, డీపీటీ లాంటి టీకాల్లో అల్యూమినియం లవణాలుంటాయి. ఒకసారి గడ్డ కడితే అవి ముద్దలై టీకా పస పోతుంది. ఇన్సులిన్‌కూ గడ్డ కట్టడం గిట్టదు. వీటన్నిటినీ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను నేరుగా పక్కన పెడితే, బయట ఎండ మండుతున్నా లోపల మందు గడ్డ కట్టేస్తుంది.

అందుకే ఆయన ఐస్‌ప్యాక్‌లను ముందు బల్ల మీద పరుస్తారు. వాటి మీద తెల్లటి మంచు పొడి పడుతుంది, కాసేపటికి చెమట పడుతుంది. ఒక్కోటీ తీసి చెవి దగ్గర ఊపుతారు. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తే మంచు సున్నా డిగ్రీలకు వచ్చి కరగడం మొదలైందని లెక్క. అప్పుడే అది పెట్టెలోకి వెళ్తుంది. అప్పటికీ మందుకూ దానికీ మధ్య ఓ అట్టముక్క తప్పదు. ఖర్చుకు వెనకాడని కంపెనీలైతే ఈ తంతు కొంత తగ్గించుకోవడానికి 5 డిగ్రీల దగ్గర కరిగే ప్రత్యేక పదార్థం నింపిన ప్యాక్‌లు వాడతాయి.

ఇక పెట్టె సంగతి. గోడవారగా మూడు రకాలు పేర్చి ఉన్నాయి: థర్మోకోల్, పాలీయురేథేన్, వాక్యూమ్ పలకలవి. అదే మందంలో వాక్యూమ్ పలక థర్మోకోల్ కంటే అయిదు రెట్లకు పైగా వేడిని ఆపుతుంది. కానీ ఖరీదెక్కువ, పొరకు చిన్న చిల్లు పడినా ఆ గుణం చాలావరకు పోతుంది. అలాగని థర్మోకోల్ మందం పెంచుకుంటూ పోతే విమాన చార్జీ పెరుగుతుంది. తేలికపాటి సరుకుకు ఎయిర్‌లైన్లు 6,000 ఘనపు సెంటీమీటర్లను ఒక కిలోగా లెక్కగట్టి వసూలు చేస్తాయి మరి.

అసలు చిక్కు గాల్లో ఉన్నప్పుడు కాదు, నేల మీదే. గోదాము నుంచి విమానం దాకా, కాంక్రీటు మీద గడిపే సమయంలో సరుకుకు పైనుంచి ఎండ, కిందినుంచి సెగ. అందుకే ఎమిరేట్స్ స్కైకార్గో ఈ కాస్త దూరానికీ కూల్ డాలీలనే శీతల బండ్లు వాడుతుంది. వేడిని వెనక్కి కొట్టే తెల్లటి కవర్లూ ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ విమానాశ్రయం ఈ సంస్థతోనే టీకాల రవాణా కారిడార్ కోసం ఒప్పందం చేసుకుంది.

ఐస్‌ప్యాక్‌లతో పోలిస్తే డ్రై ఐస్ లెక్క వేరు. అది మైనస్ 78 డిగ్రీల సరుకు. కరిగి నీరవదు, నేరుగా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. కనుక పెట్టెను గాలి చొరకుండా బిగించకూడదు, బిగిస్తే పగిలిపోతుంది. మీద తొమ్మిదో తరగతి ప్రమాదకర సరుకు లేబుల్ ఉండాల్సిందే.

ఎంత మంచి పెట్టె అయినా అన్నిటికీ పనికిరాదు. వేసవిలో దుబాయ్‌కొచ్చే బంగినపల్లి మామిడికి దాదాపు 13 డిగ్రీలు కావాలి. మందుల చలిలో పెడితే తొక్క నల్లబడి, పండు సరిగా మాగదు. పైగా కోసిన కాయ కూడా ఊపిరి పీలుస్తుంది. దాని పెట్టెకు కన్నాలుండాలి.

సాయంత్రం హైదరాబాద్ చీటీ ఒకటి వచ్చింది: ఇన్సులిన్, 2 నుంచి 8 డిగ్రీలు. విమాన ప్రయాణం నాలుగు గంటలే. అయినా ఆ జగిత్యాల పెద్దాయన రెండు రోజులు చల్లదనం ఆగే పాలీయురేథేన్ పెట్టె తీయించారు. మర్నాడు శుక్రవారం, సరుకు చేరేసరికి వారాంతం. కస్టమ్స్‌లో ఆలస్యం కావచ్చు. వాక్యూమ్ పెట్టె ఎందుకు తీయలేదంటే, "అది మళ్ల దుబాయ్‌కు ఎవరు పంపిస్తరు సార్?" అన్నారు. ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్ బటన్ నొక్కి, మందుల మధ్యలో పెట్టి, టేపు వేసేశారు.