షాలిమార్ పెరటితోట

దక్షిణాదికి సాగే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు బయలుదేరేది హౌరా నుంచి కాదు, షాలిమార్ నుంచి. కలకత్తాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉన్న ఈ స్టేషనులో దిగినవారికి కనిపించేవి రైలు పట్టాలు, సరుకుల పెట్టెలు, లారీల బారులు. సుమారు రెండున్నర శతాబ్దాల క్రితం ఇక్కడ ఒక సైనికోద్యోగి తన ఇంటిచుట్టూ మొక్కలు పెంచుకునేవాడనీ, ఆ పెరటి సరదాయే ఒక మహోద్యానానికి విత్తనమయిందనీ ఊహించడం కష్టం.

ఆయన పేరు రాబర్ట్ కిడ్. 1746లో స్కాట్లండులో జన్మించి, ఈస్టిండియా కంపెనీవారి బెంగాల్ ఇంజనీర్ల దళంలో చేరి, లెఫ్టినెంట్ కర్నల్ హోదా అందుకున్నాడు. ఆయన వృత్తి సైన్యం. ప్రాణం మాత్రం తోటలోనే ఉండేది. మలయా తీరాల నుంచి వచ్చే ఓడల కప్తానులు తెచ్చియిచ్చిన మొక్కలను ఆయన షాలిమార్‌లోని సొంత తోటలో నాటి, ఏది బతుకుతుందో, ఏది బతకదో ఓపికగా గమనించేవాడు.

ఆ ఓపిక వెనుక ఒక చేదు జ్ఞాపకం ఉన్నది. 1770లో బెంగాలును మహాక్షామం కబళించింది. ప్రజలలో మూడోవంతు మరణించి ఉంటారని వారన్ హేస్టింగ్స్ అంచనా వేశాడు. వరి ఎండితే మరొక ఆధారం లేని జనానికి, వానలు మొగం చాటేసిన ఏట కూడా తిండి పెట్టగల చెట్లు కావాలి కదా అని కిడ్ ఆలోచించాడు. మలయా దేశంలో సాగో అనే తాటిజాతి చెట్టు మానులోని మూలుగ నుంచి పిండి తీస్తారు. పారశీకంలో ఖర్జూరం ఆకలి తీరుస్తుంది. ఇవి బెంగాలులో ఎందుకు పెరగకూడదు?

1786 జూన్‌లో ఆయన ప్రభుత్వానికి ఒక ప్రతిపాదన పంపాడు. తాను కోరేది వింత మొక్కల ప్రదర్శనశాల కాదనీ, ప్రజలకు ఉపకరించే మొక్కలను పెంచి నలుగురికీ పంచే స్థలమనీ అందులో స్పష్టంగా చెప్పాడు. కంపెనీ లాభాన్నీ ఆయన మరచిపోలేదు. ఓడలకు టేకు కలప, వర్తకానికి సుగంధద్రవ్యాలు లభిస్తాయని ఆశపెట్టాడు. 1787లో షాలిమార్ పక్కనే, శిబ్‌పూర్‌లో మూడువందల ఎకరాలకు పైబడిన ఉద్యానం వెలిసింది. కిడ్ దానికి గౌరవ పర్యవేక్షకుడయ్యాడు.

అనుకున్నవన్నీ ఫలించలేదు. జాజికాయ, లవంగం వంటివి ఆ వాతావరణానికి తట్టుకోలేదు. గంగ ఒండ్రునేలలో టేకు మంచి కలపగా ఎదగలేదు. సాగో బెంగాలు ఆకలిని తీర్చలేదు.

కిడ్ 1793 మేలో కన్నుమూశాడు. ఏ మతకర్మలూ లేకుండా తన తోటలోనే, అవకాడో చెట్టు చెంత పూడ్చిపెట్టవలసిందని వీలునామాలో కోరుకున్నాడు. ఆ కోరిక తీరలేదు. ఆయన సమాధి నదికి ఆవలి ఒడ్డున, దక్షిణ పార్క్ వీధి శ్మశానవాటికలో ఉన్నది.

ఆయన స్థానంలోకి వచ్చినవాడు తెలుగునేల నుంచే వచ్చాడు. విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ వైద్యుడు 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ మిరియాల తోటలు వేయించాడు; స్థానిక చిత్రకారులచేత కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు గీయించాడు. 1790 ప్రాంతంలో గోదావరి సీమను పీడించిన కరువును కళ్ళారా చూశాడు. కొబ్బరి, పనస, సాగో, ఖర్జూరం విరివిగా నాటించాలని ఆయన కూడా ప్రభుత్వానికి రాశాడు. షాలిమార్ తోటమాలి కన్న కలనే సామర్లకోట తోటమాలీ కన్నాడు.

రాక్స్‌బర్గ్ వచ్చేనాటికి శిబ్‌పూర్‌లో ఉన్నవి సుమారు 300 రకాల మొక్కలు. 1814లో శ్రీరాంపురంలో అచ్చయిన ఉద్యాన పట్టికలో సుమారు 3,500 ఉన్నాయి. ఆ పట్టికలో ఒక విశేషమున్నది. మొక్క పేరు, పుట్టినచోటు, పూచే కాలంతో పాటు, దానిని ఇచ్చినవారెవరో తెలిపే వరుస కూడా ఉన్నది. ఇచ్చిన చేతిని మరచిపోకూడదన్న తోటమాలి మర్యాద అది.

పట్టికను అచ్చువేయించిన విలియం కేరీ స్వయంగా గొప్ప పెరటి తోటమాలి. హుగ్లీ ఒడ్డునే, ఎగువన శ్రీరాంపురంలో మతప్రచారం చేస్తూ ఎకరాల కొద్దీ తోట పెంచాడు. ఒకసారి ఇంగ్లండు మిత్రుడు పంపిన విత్తనాల సంచి ఖాళీ చేసి, అడుగున మిగిలిన మట్టిని నీడపట్టున దులిపాడు. కొన్నాళ్ళకు అక్కడ ఒక చిన్న డెయిజీ పువ్వు తల ఎత్తింది. ఎవరూ పంపని ఆ పుట్టినూరి పువ్వును చూసి ఆయన పసిపిల్లవాడిలా మురిసిపోయాడు. 1820లో ఆయన స్థాపించిన వ్యవసాయ, ఉద్యాన సంఘం నేటికీ కలకత్తా ఆలీపూర్‌లో ఉన్నది.

ఈ మిత్రుల పేర్లు చెట్లలో మిగిలాయి. మన అడవులలోని కుంభి చెట్టుకు కేరీ పేరు, మందార కుటుంబానికి చెందిన ఒక అడవిచెట్టుకు కిడ్ పేరు పెట్టినవాడు రాక్స్‌బర్గే.

శిబ్‌పూర్ తోట నేడు జగదీశ్ చంద్ర బోస్ పేరున విలసిల్లుతున్నది. అక్కడి మహావటవృక్షానికి 1864, 1867 తుఫానుల తరువాత తెగులు సోకి, 1925లో మూలకాండాన్నే తొలగించవలసివచ్చింది. 2020 మేలో ఆంఫన్ తుఫాను ఆ తోటలో వందలాది చెట్లను కూల్చివేసి, ఆ మర్రినీ గాయపరచింది. అయినా మూడువేలకు పైగా ఊడలమీద అది ఇంకా విస్తరిస్తూనే ఉన్నది.

నేడు సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాలలో సగ్గుబియ్యం తయారవుతుంది. సాగో చెట్టు నుంచి కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కర్రపెండలం దుంప నుంచి. కిడ్ తలచిన తిండి మరొక మొక్క రూపంలో, మరొక తీరానికి చేరింది. ఏ మొక్క ఎవరి ఆకలి తీరుస్తుందో నాటినవాడికి తెలియదు. గోడమీదుగా పొరుగింటికి ఒక కొమ్మ అందించే ఇల్లాలికీ తెలియదు. అయినా ఆమె ఇస్తూనే ఉంటుంది.