తేమ లెక్క

కాజీపేట నుండి బల్హార్షా వైపు సాగు రైలుమార్గమున జమ్మికుంటలో దిగి, పత్తి మార్కెట్టు దారి పట్టినవానికి ధరకంటె ముందుగా చెవిని బడు మాట తేమ. 8 శాతమునకు మించని తేమ గల పత్తికే మద్దతు ధర పూర్తిగా దక్కును. ఆపైన ప్రతి శాతమునకును కోత పడును. 12 దాటినదానిని భారత పత్తి సంస్థ కొననే కొనదు. తేమ కొలుచు సాధనమును పత్తిలోనికి జొనిపి అంకె చదువువఱకు రైతు ఊపిరి బిగబట్టి నిలుచుండును.

ఇంతటి పరీక్షకు లోనైన పత్తి వస్త్రమై మన బీరువాలో చేరిన పిమ్మట దాని తేమను విచారించువా రెవ్వరును లేరు గదా యను తలంపు, జమ్మికుంటకు చేరువనున్న వావిలాల గ్రామపు ఖాదీ కేంద్రమును చూడబోయినప్పుడు నాకు కలిగినది. అచట తానులు మడత పెట్టుచుండిన ఒక వృద్ధ స్త్రీని, ఉతికిన బట్టలు పెట్టెలో ఏల చెడునని అడిగితిని.

“ఆరిందని చెయ్యి చెప్తది గని కుట్టు చెప్పది సారూ. అంచు, జేబు, కాలరు పట్టి సూడుండ్రి. ఆడ సల్లగ తగిలితె ఇంక ఆరలే అన్నట్టు,” అని యామె చేతిపని మానకయే బదులు చెప్పెను. ఇస్త్రీ వేడి చల్లారకముందే బట్టను బీరువాలో పెట్టుటయు ఆమెకు సమ్మతము కాదు. ఆ వేడితోపాటు ఆవిరియు మడతలలో చిక్కుకొనునట.

ఆమె మాట శాస్త్రమునకు విరుద్ధము కాదు. పత్తినూలు గాలిలోని తేమను నిరంతరము పీల్చుచు విడుచుచు నుండును. దానిని ప్లాస్టికు సంచిలో బిగించి కట్టినచో విడిచిన తేమ వెలికి పోజాలక బూజునకు ఆశ్రయమగును. ఇక గంజి యన్ననో, మనకు బిరుసుదనమును హుందాతనమును ఇచ్చు నా పదార్థమే వెండి వన్నె గల రెక్కలులేని పురుగునకును బొద్దింకకును విందుభోజనము. పురుగు వలచినది గంజిని. చిల్లి పడునది ధోవతికి.

చిమ్మట సంగతి వేఱు. దాని పిల్లపురుగునకు కావలసినది ఉన్ని, పట్టు. కావున మన తెలంగాణపు గొంగడికి దానివలన భయము గాని శుభ్రమైన ఖాదీకి అంతగా లేదు. అయినను మనవారు భేదమెన్నక అన్నింటి నడుమను కలరా ఉండలు గుప్పింతురు. ఈ యలవాటు నాకు బొత్తిగా నచ్చదు. కొందఱు శిశువులలో ఆ యావిరి ఎఱ్ఱ రక్తకణములను విచ్ఛిన్నము చేయునని వైద్యులు ఎఱుగుదురు. పసిపిల్లల బట్టలలో వానిని ఎన్నడును ఉంచరాదు. జరీ చీరను మెత్తని నూలుబట్టలో చుట్టి, అప్పుడప్పుడు మడత మార్చిన చాలును. ఒకేచోట నలిగిన జరీ అచటనే విరుగును.

వానలు వెనుకబట్టి పత్తి మార్కెట్టునకు వచ్చు దినములలో పాఠకులు తమ బీరువాలను ఒకమాఱు తెఱవవలెనని నా మనవి. నిరుడు గంజితో దాచిన ధోవతులను, చీరలను మొదట వెలికి తీసి, ఉతికి, నీడన కుట్టులవఱకు ఆరబెట్టి మరల సర్దుడు. గంజి కట్టుకొను నాడు పెట్టుకొనవచ్చును.