పాండేసరలో ప్రశ్నలు

ఉద్యోగరీత్యా బదిలీ అయి పరభాషా ప్రాంతానికి వెళ్లినవారికి జవాబు చెప్పడం పెద్ద కష్టం కాదు. తల ఊపవచ్చును, చేతితో చూపవచ్చును. ప్రశ్న అడగడానికే నోట మాట ఉండాలి. సంస్థ ఉత్తర్వుపై సూరతు చేరి పాండేసరలో ఇల్లు తీసుకున్న మా ఇంటిల్లపాదికీ ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసివచ్చినది.

పాండేసర ఉధనా, భేస్తాన్ రైల్వే స్టేషన్లకు చేరువలోని పారిశ్రామికవాడ. గుడ్డకు రంగులద్దే డైయింగ్, ప్రింటింగ్ మిల్లులకు పేరుపడినది. మా వీధిలో గంజాం జిల్లా ఒడియా, భోజ్‌పురి, మరాఠీ వినవస్తాయి. వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ ప్రాంతాల నుండి సాంచెల పనికై వచ్చి స్థిరపడిన పద్మశాలీల తెలుగూ వినవస్తుంది. ఇన్నిటి నడుమ గుజరాతీ నేర్వాలి.

మన ప్రశ్నలు ఏ, ఎ అనే అక్షరాలతో మొదలవుతాయి: ఏమి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. గుజరాతీలో ఆ స్థానం కకారానిది: కోణ్, క్యాం, క్యారే, కేమ్. 'ఏమి'కి సమమైన 'శుం' ఒక్కటే వేరు. ఆ ఒక్కటీ సూరతు వాడుకలో 'హుం' అయిపోతుంది. 'నేను' అనడానికీ గుజరాతీలో 'హుం' అనే మాటే ఉన్నది! పొరుగింటి బెన్ 'హుం' అని ప్రారంభిస్తే ఆమె తన సంగతి చెప్పబోతున్నదో, మన సంగతి అడగబోతున్నదో వాక్యం ముగిసేవరకు ఆగి తెలుసుకోవలసినదే. 1873లో తన గుజరాతీ నిఘంటువును వెలువరించిన నర్మద్ కవి ఈ ఊరివాడే. ఆయన ఊరివారు మాత్రం నిఘంటువును పక్కన పెట్టి హాయిగా మాట్లాడుకుంటారు.

'కేమ్' మరొక చిక్కు. 'కేమ్ ఛో' అంటే 'ఎలా ఉన్నారు' అని కుశలప్రశ్న. విడిగా 'కేమ్' అంటే 'ఎందుకు'. మనకు ఎంత, ఎన్ని, ఎందరు అని మూడు మాటలుండగా వారికి 'కేట్లుం' ఒక్కటే. అయితే అది లింగవచనాలనుబట్టి కేట్లో, కేట్లీ, కేట్లా అని రూపు మారుస్తుంది. 'ఎక్కడో' అనడానికి మనం ఓకారం చేర్చినట్లే వారు కకారం చేర్చి 'క్యాంక్' అంటారు. 'ఎప్పుడో' అన్నది 'క్యారేక్' అవుతుంది. ఈ పోలిక కంటబడిన రోజున మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ప్రశ్నాపదం వాక్యంలో ఎక్కడ కూర్చుంటుందనే విషయంలో మనకు గుజరాతీతో పేచీ లేదు. ఇంగ్లీషువారు ప్రశ్నాపదాన్ని వాక్యం మొదటికి లాగుతారు. మనం జవాబు ఉండవలసిన చోటనే దానిని ఉంచుతాము. 'నువ్వు బియ్యం కొంటావు', 'నువ్వు ఏమి కొంటావు' – చోటు మారలేదు. చైనా భాషదీ ఇదే పద్ధతి. 'నీ మాయ్ షెన్మ' అంటే వరుసగా నువ్వు, కొను, ఏమి. మన 'కొంటావా'లోని ఆకారం వంటి పని అక్కడ వాక్యాంతంలో 'మా' అనే మాట చేస్తుంది. చైనా భాష నేర్చే ఇంగ్లీషువారు తమ అలవాటును మానుకొని ప్రశ్నాపదాన్ని కదపకుండా ఉంచాలి. పైగా షెన్మ, షేయ్, నార్ అనే ఏమి, ఎవరు, ఎక్కడలకు మన ఎకారం వంటి ఉమ్మడి ఆనవాలు కూడా లేదు. ఇంగ్లీషు నేర్చే మన పిల్లలు పడే అవస్థకు ఇది తలకిందులు.

ఒక రాత్రి మా వెనుక వాటాలోని కరీంనగరు చెల్లెమ్మ కుమారునికి కడుపునొప్పి వచ్చినది. ఆమెకు తోడుగా దగ్గరలోని దవాఖానాకు వెళ్లాము. 'క్యార్‌థీ?' అని డాక్టరు అడిగాడు. ఎప్పటినుండి అని ఆయన ప్రశ్న. ఆమె ఎక్కడ అన్నాడనుకొని పిల్లవాని పొట్ట చూపినది. ఆయన గొంతు పెంచి మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ పొట్టనే చూపినది. వచ్చిన కొత్త గనుక మాకూ ఆ మాట తెలియదు. చివరకు ఒడియా కాంపౌండరు కల్పించుకొని 'కబ్ సే?' అన్నాడు. తెలంగాణ ఉర్దూ చెవినబడి పెరిగిన ఆమెకు అది వెంటనే అందినది. 'మూడు దినాల సంది' అని వేళ్లు చూపినది. డాక్టరు ముఖం మారినది. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. ఆ రాత్రే అపెండిసైటిసు ఆపరేషను జరిగినది. ఆ పిల్లవాడు నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమ పాఠశాలలో చదువు కొనసాగించాడు.

పసిపిల్లలు సాధారణంగా 'ఏమిటి', 'ఎక్కడ' అనేవి ముందు నేర్చి, 'ఎందుకు', 'ఎప్పుడు' అనేవి తరువాత నేరుస్తారంటారు. పాండేసరకు పనికై వచ్చే పెద్దల వరుస వేరుగా కనిపించినది. కూరగాయల బండి దగ్గర 'కేట్లా' మొదటి రోజే వస్తుంది. పని వెదుక్కునేటప్పుడు 'క్యాం' వస్తుంది. పగారు రోజు దగ్గరపడితే 'క్యారే' వస్తుంది. 'కేమ్' అన్నిటికంటె వెనుక. కుశలమడిగే 'కేమ్' అందరికీ వచ్చును. కారణమడిగే 'కేమ్' రావడానికి ఏళ్లు పడుతుంది. వ్యాకరణంలో దానికి ప్రత్యేకమైన కష్టమేమీ లేదు. సేఠు ఎదుట దానిని పలికే ధైర్యమే ఆలస్యంగా వస్తుందని మా అభిప్రాయం.

చెల్లెమ్మ భర్తకు మీటరు లెక్కన కూలి. గుడ్డలో లోపమున్నదని తరచు కోత పెట్టేవారు. ఆయన తల వంచుకొని ఇచ్చినది తెచ్చుకునేవాడు. మేము పాండేసరలో ఉండగానే ఒక శనివారం ఆయన పగారు చేతిలో పట్టుకొని కదలకుండా నిలబడి, 'సేఠ్, కేమ్?' అన్నాడట. ఆ సాయంత్రం మా గుమ్మంలో కూర్చొని ఆ రెండు మాటలనూ పలికిన తీరులోనే మాకు నాలుగుసార్లు వినిపించాడు. మెహతాజీ లెక్కల పుస్తకం తెరిచి చూపవలసి వచ్చినదట. కోత కోతగానే ఉన్నది గాని, జమ కట్టడం మరచిన మీటర్లు పదకొండు తేలినవి.